పదహారో ఛానెల్

విశాఖ ఫిషింగ్ హార్బరుకు నడిచి వెళ్ళేంత దూరంలో, పాత పోస్టాఫీసు వైపు ఒక సందులో నాకు ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు ఉంది. మర బోట్ల మీద ఉండే వైర్‌లెస్ సెట్లు, జీపీఎస్‌లు, నీళ్ళలో చేపల గుంపును చూపే ఎకో సౌండర్లు బాగుచేయడం నా వృత్తి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మా ఊరిని కొట్టిన తర్వాత ఆ షాపులో ఏం జరిగిందో రాస్తున్నాను. కూలిన చెట్ల గురించి, ఎగిరిపోయిన కప్పుల గురించి చాలామంది రాశారు. నేను చెప్పేది ఒక చిన్న పనిముట్టు గురించి. అది లేక పడ్డ అవస్థ గురించి, దాన్ని చేత్తో చేసుకున్న విధానం గురించి.

ముందు వైర్‌లెస్ అంటే ఏమిటో చెప్పాలి. మర బోటు ఒకసారి వేటకు వెళితే రెండు వారాల పైనే సముద్రంలో ఉంటుంది. తీరం దాటి కొంత దూరం పోయాక సెల్‌ఫోన్ పనిచేయదు. పక్క బోటుతో మాట్లాడాలన్నా, ఇంజను ఆగిపోయిందని చెప్పాలన్నా, తుపాను కబురు అందాలన్నా అప్పట్లో దిక్కు వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టే. పూర్తి శక్తితో 25 వాట్లు పంపుతుంది. ప్రపంచంలో ఏ సముద్రం మీదనైనా ఆపదలో పిలిచేది పదహారో ఛానెల్ మీదే. దాని ఫ్రీక్వెన్సీ 156.8 మెగాహెర్ట్‌జ్. పక్కపక్క ఛానెళ్ళ మధ్య ఎడం 25 కిలోహెర్ట్‌జ్ మాత్రమే. సెట్టు ఆ గీత మీద కదలకుండా నిలబడాలి. కొంచెం జారినా అవతలి వాడికి గొంతు సరిగ్గా వినపడదు.

అక్టోబరు 12 ఆదివారం. మధ్యాహ్నం వేళ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. ముందే హెచ్చరికలు వచ్చాయి కనుక బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి, మనుషులు చాలావరకు బతికారు. కానీ హార్బరులో కట్టి ఉంచిన బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని కొన్ని మునిగాయి, కొన్ని చీలాయి, స్తంభాలు విరిగాయి. నా షాపు కప్పు రేకులు మూడొంతులు పోయాయి. వాన నీటితోపాటు సముద్రపు తుంపర లోపలికి కొట్టింది. ఆ తుంపర తాకిన రాగి అంతా తెల్లారేసరికి పచ్చబారింది.

సిగ్నల్‌ను తెర మీద అలగా చూపే ఆసిలోస్కోపు ఇనప బీరువాలో ఉంది కాబట్టి దక్కింది. అది టెక్ట్రానిక్స్ 2465, 300 మెగాహెర్ట్‌జ్‌ది, హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సర్క్యూట్‌కు ఆనించి సిగ్నల్‌ను దానికి చేర్చే ప్రోబులు మాత్రం గోడ మేకుకు తగిలించి ఉండేవి. గోడ కూలి అవి రాళ్ళ కింద ఉప్పునీటిలో పడి ఉన్నాయి. తీసి చూస్తే ఒకదాని కేబుల్ తెగింది, ఇంకోదాని చివరి డబ్బాలోకి నీళ్ళు పోయాయి. ప్రోబు లేని స్కోపుతో ఏ పనీ జరగదు.

కరెంటు లేదు. ఫోన్లు లేవు. పాల ప్యాకెట్టు కోసం, మంచినీళ్ళ కోసం జనం బారులు తీరారు. అపార్ట్‌మెంట్ల వాళ్ళు నీళ్ళు తోడుకోవడానికి జనరేటర్లను గంటల లెక్కన అద్దెకు తెచ్చుకుంటున్నారు, ఆ అద్దె పూటపూటకూ పెరుగుతోంది. స్టీల్‌ప్లాంటులో ఉత్పత్తి ఆగింది. కొరియర్లు రావడం లేదు. ఆ సమయంలో బోటు యజమానులు, బోటు నడిపే సరంగులు గోనె సంచుల్లో సెట్లు మోసుకొచ్చి నా గుమ్మం ముందు పెట్టారు. బోటు చెక్కలకే అప్పు చేసిన మనుషులు కొత్త సెట్టు కొనే స్థితిలో లేరు. ఇంకా అక్టోబరే. మా తీరానికి నవంబరులోనూ తుపానులు వస్తాయి. వైర్‌లెస్ లేని బోటును ఆ నెలల్లో సముద్రంలోకి పంపడం ఎంత ప్రమాదమో వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

మొదట సులువైనవి పట్టాను. చాలా సెట్లలో పాడైంది యాంటెన్నా కనెక్టరు. దాన్ని మార్చి, బోర్డు విప్పి మంచినీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఎండబెడితే మాట్లాడాయి. మా ఆవిడ వీధి చివర ట్యాంకరు నుంచి తెచ్చిన నీళ్ళలో సగం సెట్లు కడగడానికే పోయేవి. ఆమె ఒక్క మాట అనలేదు. కరెంటు లేదు కనుక సోల్డరింగ్‌కు గ్యాసు స్టవ్ మీద కాల్చే పాత రాగి కాడ వాడాను. రేకు కోసిన చేతికి కట్టు కట్టుకుని ఆ కాడ పట్టుకోవడం నరకంగా ఉండేది.

తర్వాత ఒక సెట్టు వచ్చింది. దాన్ని తెచ్చిన సరంగు వయసు మళ్ళిన మనిషి. తుపాను ముందు వరకు బాగానే పలికిందట. తుపాను తర్వాత హార్బరులో పగలు పరీక్షిస్తే పలుకుతోంది, రాత్రి పలకడం లేదు.

“ఏటి బాబూ, నీ కాడ మాటాడతాది, నా కాడ మాటాడదేటి? నిజం సెప్పీ. బాగవకపోతే ఒట్టి బోటేసుకునే ఎల్లిపోతాం.”

“ఒట్టి బోటుతో వెళ్ళొద్దు తాతా. కొంచెం గడువియ్యి. ఇది పలికేదాకా వదలను.”

ఆ మాట ఇచ్చేశాను. నెరవేర్చడానికి కావలసిన ప్రోబు నా దగ్గర లేదు.

బీరువా అడుగున ఒక చవక ప్రోబు దొరికింది. 60 మెగాహెర్ట్‌జ్ అని రాసి ఉంది. పది రెట్లు తగ్గించి చూపేది, లోపలి నిరోధం 10 మెగా ఓంలు. వినడానికి ఎంత తేలికైన ప్రోబు! కానీ ఆ 10 మెగా ఓంలు డీసీకే. దాని కొనలో 12 పికోఫారడ్ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. 156.8 మెగాహెర్ట్‌జ్ దగ్గర లెక్క కడితే అది 85 ఓంలు. అంటే సున్నితమైన చోట ఆ ప్రోబు ముట్టించడమంటే అక్కడ 85 ఓంల భారం వేలాడదీసినట్టు. సెట్టులో ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచే సర్క్యూట్‌ను పీఎల్ఎల్ అంటారు, ఆ పట్టును లాక్ అంటారు. పీఎల్ఎల్ తర్వాతి బఫర్ దగ్గర ప్రోబును ఆనించగానే లాక్ పోయేది. అనుమానం తీరక బాగున్న సెట్టు మీదా ఆనించాను. అక్కడా లాక్ పోయింది. జబ్బు ఉన్న సెట్టూ, లేని సెట్టూ ఒకేలా పడిపోతుంటే ఏది నిజమో ఎలా తెలుస్తుంది?

రెండో చిక్కు గ్రౌండ్ తీగ. మొసలి క్లిప్పుతో వేలాడే ఆ నల్ల తీగ జానెడు ఉంటుంది. 15 సెంటీమీటర్ల తీగకు సుమారు 150 నానోహెన్రీల ఇండక్టెన్స్. ఆ 12 పికోఫారడ్లతో కలిసి 120 మెగాహెర్ట్‌జ్ దగ్గర అది తనంతట తానే మోగుతుంది. తెర మీద కనపడే వంకరల్లో సర్క్యూట్‌వి ఏవో, తీగవి ఏవో విడదీయలేం. స్కోపు కోసం నేనూ తెచ్చుకున్న జనరేటరుకు గంటకు ఇంత అని అద్దె ఇస్తూ, ఆ వెలుతురులో తప్పుడు బొమ్మ చూస్తూ కూర్చోవడం ఎంత బాధో మాటల్లో పెట్టలేను. రాత్రి దీపం కింద బోర్డు ముందు కూర్చుంటే వీధిలో కుక్క అరుపు తప్ప శబ్దం ఉండేది కాదు. వేటకు పోలేని మనుషులు పొద్దున్నే గుమ్మం దగ్గర కూర్చునేవారు. ఏమీ అడిగేవారు కాదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

తెగిన మంచి ప్రోబుకు వేరే కేబుల్ అతికిస్తే సరిపోదా అని చూసినవాళ్ళు అడిగారు. సరిపోదు. పది రెట్ల పాసివ్ ప్రోబు కేబుల్‌లో నడిమి తీగ మామూలు రాగి కాదు. వెంట్రుకలా సన్నగా, కావాలనే నిరోధం పెట్టి చేసిన తీగ అది. కేబుల్ రెండు కొసల మధ్య అటూ ఇటూ కొట్టుకునే ప్రతిధ్వనులను ఆ నిరోధమే అణుస్తుంది. దాని స్థానంలో రాగి కేబుల్ వేస్తే ప్రోబు గంటలా మోగుతుంది. ఆ తీగ బజారులో దొరకదు. ఫెట్ ప్రోబు అనే ఖరీదైన రకం ఉంది, దాని కొనలో ఒక పికోఫారడ్ లోపే ఉంటుంది. దాని ధరతో నా షాపు మొత్తం మళ్ళీ కట్టుకోవచ్చు.

మిగిలిన దారి ఒకటే. నిరోధంతో విభజించే తక్కువ ఇంపిడెన్స్ ప్రోబు. ఇది నా కనిపెట్టుడు కాదు. టెక్ట్రానిక్స్ వాళ్ళు పీ6056 పేరుతో ఈ పద్ధతి ప్రోబునే అమ్మారు, అది 3.5 గిగాహెర్ట్‌జ్ దాకా పనిచేస్తుంది. హోవార్డ్ జాన్సన్, మార్టిన్ గ్రాహం 1993లో హై స్పీడ్ డిజిటల్ డిజైన్ మీద రాసిన పుస్తకంలో చేత్తో చేసుకునే ప్రోబును వివరంగా ఇచ్చారు. సూత్రం చిన్నది. 50 ఓంల కేబుల్‌ను స్కోపు 50 ఓంల ఇన్‌పుట్‌లో పెడితే కేబుల్ ఎంత పొడవున్నా అవతలి కొసకు అచ్చంగా 50 ఓంల నిరోధంలా కనపడుతుంది. ప్రతిధ్వని ఉండదు. ఆ కొసకు వరుసగా ఒక కిలో ఓం రెసిస్టరు పెడితే మొత్తం 1050 ఓంలు, సిగ్నల్ 21 రెట్లు తగ్గి స్కోపుకు చేరుతుంది. కెపాసిటెన్స్ అంటూ మిగిలేది రెసిస్టరు ఒంటిలో ఉన్న అతి స్వల్పమే. నా స్కోపులో 50 ఓంల ఇన్‌పుట్ మీట ఉంది. స్కోపులో అది లేనివాళ్ళు కనెక్టరు దగ్గర 50 ఓంల టెర్మినేటరు పెట్టుకోవాలి.

కేబుల్ ఎక్కడ? షాపులో ఉన్నది టీవీ కేబుల్, అది 75 ఓంలది, పనికిరాదు. హార్బరుకు వెళ్ళాను. విరిగిన స్తంభాల నుంచి యాంటెన్నా కేబుళ్ళు వేలాడుతున్నాయి. అది ఆర్‌జీ-58, సరిగ్గా 50 ఓంలది. రెండు చివర్లూ ఉప్పు తినేసినా మధ్య భాగం మెరుస్తోంది. బోటు యజమానిని అడిగి మీటరు ముక్క కోసుకున్నాను. ఒక చివర బీఎన్‌సీ కనెక్టరు బిగించాను. రెండో చివర నడిమి తీగకు కిలో ఓం మెటల్ ఫిల్మ్ రెసిస్టరును, దాని కాళ్ళు దాదాపు మొదలంటా కోసి, అతికాను. ఇక్కడ చెయ్యి ఆగకుండా పనిచేయాలి. ఆర్‌జీ-58 లోపలి పాలిథీన్ వేడికి కరిగి తీగ పక్కకు ఒరిగిపోతుంది. కాలిన రాగి కాడతో అది చేయడానికి నా ఓపికంతా పోయింది. కొన్ని ముక్కలు పాడై కోసి పారేశాక ఒకటి తిన్నగా నిలిచింది. కేబుల్ అల్లిక మీద ఇత్తడి రేకు చుట్టి, దాని నుంచి సెంటీమీటరు కూడా లేని ముల్లు బయటికి తీశాను. అదే గ్రౌండ్. పొడవు తగ్గేసరికి దాని ఇండక్టెన్స్ 10 నానోహెన్రీలకు దిగింది. 156.8 దగ్గర జానెడు తీగ దాదాపు 150 ఓంలైతే ఇది 10 ఓంలు.

తయారైన ప్రోబును నమ్మే ముందు పరీక్షించాలి. 74ఏసీ14 చిప్పు గేటు ఒక నానోసెకను మోతాదు వేగంతో పైకి లేస్తుంది. 300 మెగాహెర్ట్‌జ్ స్కోపు తనంతట చూపగలిగేది 1.2 నానోసెకన్లు. ఆ గేటు అంచును పాత చవక ప్రోబుతో చూస్తే అంచు తర్వాత వరుసగా అలలు. కొత్త ప్రోబుతో చూస్తే అంచు నిటారుగా లేచి, సమంగా నిలిచింది. జనరేటరు పొగ షాపులోకి వస్తోంది, కళ్ళు మండుతున్నాయి. అయినా తెర మీద నుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు.

ఈ ప్రోబుకు హద్దులున్నాయి, అవి తెలియకుండా వాడకూడదు. 1050 ఓంలంటే డీసీకి పెద్ద భారమే. 12 వోల్టులున్న చోట ముట్టిస్తే 11 మిల్లీఆంపియర్లు లాగుతుంది. అందుకని కొనలో వరుసగా ఒక నానోఫారడ్ కెపాసిటరు పెట్టాను. దానితో డీసీ ఆగింది. 150 కిలోహెర్ట్‌జ్ కింద చూపు తగ్గుతుంది, నాకు కావలసింది అంతకు ఎంతో పైన ఉంది. రెండోది, ఇంకా ముఖ్యమైనది. సెట్టు 25 వాట్లు పంపుతున్నప్పుడు 50 ఓంల మీద 35 వోల్టులుంటాయి. అక్కడ ఈ ప్రోబు పెడితే రెసిస్టరు మీద ఒక వాటుకు పైగా పడుతుంది, పావు వాటు రెసిస్టరు మాడిపోతుంది. సెట్టును ఒక వాటు మీటలో పెట్టి, యాంటెన్నా బదులు డమ్మీ లోడు తగిలించి మాత్రమే చూశాను. 50 ఓంల ఇన్‌పుట్‌లోకి 5 వోల్టులకు మించి పోకూడదన్న నియమం అలాంటి ఇన్‌పుట్ ఉన్న స్కోపుల మీద మామూలుగా రాసి ఉంటుంది. దాన్ని దాటితే స్కోపే పోతుంది.

ఇప్పుడు సరంగు సెట్టు. కొత్త ప్రోబును బఫర్ తర్వాత ఆనించాను. లాక్ పోలేదు. బాగున్న సెట్టులోనూ పోలేదు. మొదటిసారి రెండింటినీ పక్కపక్కన పోల్చగలిగాను. పగటి వేడిలో రెండూ ఒకటే. అప్పుడు సరంగు మాట గుర్తుపెట్టుకుని సెట్టును తడిగుడ్డతోపాటు ప్లాస్టిక్ డబ్బాలో మూసి, ప్రోబు తోక బయటికి తీసి కూర్చున్నాను. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట నీరు పీల్చి తడుస్తుంది. రాత్రి సముద్రం మీద జరిగేది అదే. కొంతసేపటికి తెర మీద అల వణకడం మొదలైంది. మెల్లగా జారింది. తర్వాత లాక్ పూర్తిగా పోయింది. పక్కన అదే డబ్బాలో పెట్టిన మంచి సెట్టు కదలలేదు.

జబ్బు పీఎల్ఎల్ ఫిల్టరు దగ్గర ఉంది. అక్కడి వోల్టేజీయే ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచుతుంది. చాలా ఎక్కువ ఇంపిడెన్స్ ఉన్న చోటు అది, చిన్న లీకేజీ ఉన్నా ఆ వోల్టేజీ నిలవదు. ఆ భాగం మీద టిన్ను రేకు మూత అతికి ఉంది. మూత విప్పితే అంచు కింద, ఆల్కహాల్ చేరని చోట, కంటికి కనపడీ కనపడని తెల్లటి పూత. ఉప్పు. మూత మొత్తం ఊడదీసి కడిగి, మెత్తని కుంచెతో తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ తడిగుడ్డ డబ్బాలో పెట్టాను. తెల్లవారే దాకా తెర మీద అల కదలలేదు. మిగిలిన సెట్లలోనూ ఆ మూతలన్నీ విప్పాను. ఉప్పు చాలా వాటిలో ఉంది. మూత విప్పి కడిగిన ప్రతి సెట్టునూ ఆ డబ్బా పరీక్ష పెట్టాకే ఇచ్చాను.

దీపావళి వచ్చింది. ఊరంతా ఎండిన కొమ్మలు పడి ఉన్నాయి కనుక టపాసులు కాల్చవద్దని ప్రభుత్వం కోరింది, విశాఖ ఆ మాట పాటించింది. అప్పటికి మా సందుకు కరెంటు వచ్చింది. సరంగు సెట్టు తీసుకుని వెళ్ళి, రాత్రి హార్బరు నుంచి పదహారో ఛానెల్ మీద పిలిచి, జవాబు రాగానే వేరే ఛానెల్‌కు మార్చి పక్క బోటుతో మాట్లాడాడు. మర్నాడు వచ్చి డబ్బులిచ్చాడు. “రేత్రి మాటాడింది బాబూ” అన్నాడు. అంతే. ఆ రాత్రి నేను నిద్రపోయాను.

తర్వాతి కాలంలో ఆ ప్రోబును మెరుగుపరిచాను. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ నుంచి ఆర్‌జీ-316 కేబుల్ తెప్పించాను. దాని లోపల టెఫ్లాన్ ఉంటుంది కాబట్టి సోల్డరింగ్ వేడికి కరగదు, సన్నగా ఉండి చేతికి ఒదుగుతుంది. కాళ్ళ రెసిస్టరు బదులు బోర్డు మీద అతికే చిన్న చిప్ రెసిస్టర్లు రెండు వరుసగా వేశాను. ఒక్కదానికంటే రెండింటి వరుసలో కెపాసిటెన్స్ సగమవుతుంది, ప్రోబు ఇంకా పైదాకా నిజం చెబుతుంది. బీఎఫ్998 ట్రాన్సిస్టరుతో ఫెట్ ప్రోబు కూడా కట్టాను. ఆసిలేటరు కాయిల్ లాంటి చోట కిలో ఓం కూడా బరువే, అక్కడ అది అవసరం. కానీ దాని గేటు ఒంటి మీది స్టాటిక్ కరెంటుకు చచ్చిపోవచ్చు, చేతికి గ్రౌండ్ పట్టీ లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నా మాట ఇది. ప్రోబు కొనేటప్పుడు దాని మీద రాసిన మెగాహెర్ట్‌జ్ చూసి ఊరుకోవద్దు. దాని కొనలో ఎన్ని పికోఫారడ్లో చూడండి, మీరు చూడబోయే ఫ్రీక్వెన్సీ దగ్గర అది ఎన్ని ఓంలవుతుందో కాగితం మీద లెక్క వేయండి. నెమ్మది సిగ్నల్‌కు, ఎక్కువ వోల్టేజీకి పది రెట్ల మామూలు ప్రోబు చాలు. వేగమైన సిగ్నల్, తక్కువ ఇంపిడెన్స్ చోటు అయితే చేత్తో చేసిన కిలో ఓం ప్రోబు చాలా ఖరీదైన వాటికి దీటుగా నిలుస్తుంది. రెండూ పనికిరాని సున్నితమైన చోటే ఫెట్ ప్రోబు. ఏది వాడినా గ్రౌండ్ తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. అనుమానం వస్తే బాగున్న సెట్టు మీద కూడా అదే ప్రోబు పెట్టి చూడండి. దాన్నీ పడగొడితే తప్పు ప్రోబుది.

పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో పాఠం చెప్పే మాస్టార్లను ఒకటే కోరుతున్నాను. ప్రతి విద్యార్థి చేత ఇలాంటి ప్రోబు ఒకటి చేయించండి. మీటరు కేబుల్, ఒక కనెక్టరు, ఒక రెసిస్టరు, ఒక పూట సమయం చాలు. సముద్రం మీదికి పోయే మనుషుల గొంతు ఎప్పుడో ఒకనాడు ఆ పిల్లల చేతుల్లోకి వస్తుంది.